ఆకుపచ్చ కోటు అమ్మాయి

లిమరిక్ నగరం. షానన్ నది ఒడ్డున ఆగివున్న కారులో ఇద్దరు. మూడో మనిషి ఇంకా రాలేదు.

"ఇంకోసారి చెప్పు. నేనెవర్ని?"

"డ్రైవరువి. అంతే. నాకు మామయ్యవి కావు, అమ్మకి తమ్ముడివి కావు. ఇవాళ పొద్దున హోటల్ ముందు నిన్ను మొదటిసారి చూశాను."

"మరి నువ్వు?"

"మిసెస్ టెనంట్. గ్లాస్గో నుంచి. మొగుడు పోయాడు, తోచక ఊళ్ళు తిరుగుతున్నాను. లిమరిక్‌లో ఎప్పుడూ అడుగుపెట్టలేదు. ఈ మాత్రం చాలా, మలాకీ మామయ్యా?"

"వద్దు డెర్వ్లా. ఇప్పటికైనా వద్దు తల్లీ. తిరిగి హోటల్లో దింపేస్తాను."

"నిన్న ఆసుపత్రిలో అమ్మ ఏమందో విన్నావుగా."

"విన్నాను."

"'నోరీన్‌ని తెచ్చి మీ నాన్న సమాధి పక్కన పెట్టండి. తర్వాత నన్ను పెట్టండి.' అంతే అడిగింది. నేను పలక పట్టుకు తిరిగే వయసులో అక్క పోయింది. ఇప్పుడు నాకు తల నెరిసింది. పాతిపెట్టడానికి ఒక్క ఎముక దొరకలేదు."

"నది తీసుకుపోయిందమ్మా. సముద్రంలో కలిసిపోయింది. అది ఊరందరికీ తెలుసు."

"ఎవరు చూశారని తెలుసు? ఒకే ఒక్కడు, ఈ గైడు ఫింటన్. అక్క వంతెన మీద నిలబడటం చూశానన్నాడు. ఇప్పుడు దాన్నే దెయ్యం కథ చేసి టూరిస్టులకి అమ్ముకుంటున్నాడు. వాడి మీద నాకు అనుమానం ఎక్కణ్ణుంచి వచ్చింది? నువ్వే కదా ఏటా అనేవాడివి, చివరిసారి చూసినవాడే ఏదో చేసి ఉంటాడని?"

"ఏదో బాధలో అన్నాను."

"నేను బాధలో విన్నాను. ఇవాళ రోజంతా వాణ్ణి వాగనిస్తాను. డబ్బిచ్చి మరీ వాగిస్తాను. అక్కని ఎక్కడ పెట్టాడో వాడి నోటితోనే రావాలి."

"అదిగో వస్తున్నాడు. ఆ పచ్చ గొడుగు."

"ఆ గొడుగు మీద బొమ్మేంటి మామయ్యా?"

"కోటు. నోరీన్ కోటు."

"ఛీ!"

"ష్. తలుపు తీస్తున్నాడు."

"గుడ్ మార్నింగ్ మేడమ్! మిసెస్ టెనంట్ కదా? ఫింటన్ కుసాక్. ఈ ఊరి గురించి నాకన్నా బాగా తెలిసినవాళ్ళు ముగ్గురుండేవారు, ముగ్గురూ పోయారు. మీ అదృష్టం. నేను ముందు సీట్లో కూర్చుంటాను, వెనక కూర్చుంటే నాకు కడుపులో తిప్పుతుంది."

"నాకు ముందే తిప్పుతోంది. ఏంటండీ ఈ వాసన?"

"నా కోటు మేడమ్. దీనిమీద మా కుక్క పడుకునేది. కుక్క పోయింది, వాసన ఉండిపోయింది. మంచి కుక్క. పెద్దాయనా, మీ పేరు?"

"మలాకీ."

"ఎక్కడో చూశాను మిమ్మల్ని."

"టాక్సీ తోలాను. చూసే ఉంటారు."

"అంతే అంతే. పోనివ్వండి మరి. ఇవాళ హర్లింగ్ మ్యాచ్ ఉంది మేడమ్, మా కర్రబంతి ఆట, మధ్యాహ్నానికి సగం రోడ్లు మూసేస్తారు. ఈలోపు కోట, పెద్ద చర్చి, ఒప్పందం రాయి చూసేద్దాం. తర్వాత వంతెన. వంతెన మీద నా అసలు సరుకు ఉంది."

"సరుకా?"

"ఆకుపచ్చ కోటు అమ్మాయి. ఇప్పుడే చెప్పను, రుచి పోతుంది... ఓయ్, ఓయ్! స్టీరింగ్ పట్టుకోవయ్యా!"

"ఏమైంది?"

"ఏమీ కాలేదు మేడమ్, భయపడకండి. సెయింట్ జాన్స్ చర్చి వచ్చింది, మన పెద్దాయన చెయ్యి లేచింది. చూశారా? నుదురు, గుండె, ఈ భుజం, ఆ భుజం. సిలువ గుర్తు. ఈ ఊళ్ళో ఈ వయసు క్యాథలిక్ డ్రైవర్లందరూ ఇంతే. చర్చి ముందు నుంచి పోతే వేసుకుంటారు, సమాధుల తోట ముందు నుంచి పోతే వేసుకుంటారు. ఎదురుగా లారీ వస్తున్నా సరే."

"మా అమ్మ నేర్పింది. అలవాటు."

"అలవాటని ఎంత నెమ్మదిగా అంటున్నాడో చూడండి! ఎత్తానని కూడా తెలీదు వీళ్ళకి. అదే లేస్తుంది, అదే దిగుతుంది. నేను టూరిస్టులకి ఎప్పుడూ చెప్తాను మేడమ్, లిమరిక్‌లో పొగమంచు పడితే మ్యాపు అక్కర్లేదు. డ్రైవరు చెయ్యి చూడండి. గోడ అవతల ఏముందో అదే చెప్తుంది."

"మీరు వేసుకోరా ఫింటన్?"

"నేను దేవుడితో మాట్లాడటం మానేసి చాలా కాలమైంది. ఆయన కూడా పలకరించలేదు. ఇదిగో, ఇటు చూడండి, సెయింట్ మేరీస్. ఎనిమిది వందల ఏళ్ళ నాటిది. ఇప్పుడు ఆ చెయ్యి చూడండి మేడమ్, చెయ్యి! లేచిందా?"

"లేదు."

"గేరు మీదే ఉంది! ఎందుకో చెప్పండి?"

"ఎందుకు?"

"ఇది ప్రొటెస్టెంట్ల చర్చి. ఆ చేతికి అన్నీ తెలుసు. ఒక్కటి కూడా తప్పదు."

"నన్ను తోలనివ్వండి మహాప్రభో."

"తోలు, తోలు. కోపం వచ్చింది పెద్దాయనకి."

* * *

"ఇదీ మేడమ్ ఒప్పందం రాయి. లిమరిక్ ముట్టడి అయిపోయాక దీని మీదే సంతకాలు పెట్టారట. సిరా ఆరకముందే ఇంగ్లీషువాళ్ళు మాట తప్పారు."

"ఈ ఊళ్ళో మాట మీద నిలబడినది ఏదైనా ఉందా?"

"ఈ రాయి ఒక్కటే నిలబడింది మేడమ్. ఫోటో తీయనా? కొంచెం ఇటు... వద్దు, ఆ పక్కకి రాకండి. రాత్రి ఎవడో కక్కాడు."

"ఛీ, ఛీ!"

"మ్యాచ్ కోసం వచ్చిన కుర్రాళ్ళు. సాయంత్రానికి ఇంకా ఉంటుంది. ఒకప్పటితో పోలిస్తే ఇదేం వాసన మేడమ్! మా చిన్నప్పుడు దీన్ని పందుల ఊరనేవారు. ఎటు చూసినా పంది మాంసం కార్ఖానాలు. పొద్దున్నే పందుల్ని రోడ్డు మీద తోలుకొచ్చేవారు. సాయంత్రం మోరీలోంచి నెత్తురు తిన్నగా నదిలోకే. ఆ చోట హంసలు కూడా ఎర్రగా ఉండేవి."

"అది మీరు కల్పించారు."

"హంసల సంగతి కల్పించాను. నెత్తురు నిజం. కావాలంటే ఈయన్ని అడగండి. ఈయన ఈడు మగాళ్ళలో సగం మంది అక్కడే చేశారు. ఏం పెద్దాయనా, చెయ్యలేదూ?"

"నేను చెయ్యలేదు."

"చెయ్యకపోతే పుణ్యాత్ముడివి. చివరిగా మూతపడిన కార్ఖానా గోడ ఇంకా ఉంది మేడమ్, వెనక సందులో. ఆ సందులోంచి పోతే వంతెన దగ్గరికి ఇట్టే చేరిపోతాం. ఎడమకి తిప్పు."

"ఆ దారి బాగోదు."

"బాగోకపోవడమేంటి?"

"గుంతలు. మేడమ్‌కి నడుం నొప్పి అన్నారు."

"నేనెప్పుడన్నాను?"

"అన్నట్టు గుర్తు. చుట్టు తిరిగి పోదాం."

"చుట్టు తిప్పితే టైము నాది పోతుంది! అసలు ఈ ఊరి డ్రైవరువేనా నువ్వు? సరేలే, తిప్పు. స్టీరింగ్ నీది."

* * *

"దిగండి మేడమ్. ఇదే ఆ వంతెన. నీళ్ళు తగ్గాయి, అందుకే ఈ బురద కంపు. ముక్కు మూసుకోండి, చెవులు మాత్రం తెరిచి ఉంచండి. మొదలుపెట్టనా?"

"పెట్టండి."

"అదొక అర్ధరాత్రి! గాలి ఏడుస్తోంది! పందొమ్మిదేళ్ళ నోరీన్, మిలమిలలాడే కళ్ళు, ప్రియుడి చేతిలో మోసపోయి..."

"ప్రియుడెవరు?"

"అంటే?"

"పేరు చెప్పండి. మోసం చేసినవాడి పేరు."

"పేరంటూ ఏమీ... ప్రియుడుండాలి కదా మేడమ్. లేకపోతే కథ నడవదు."

"అంటే లేడా?"

"ఉన్నాడో లేడో నాకేం తెలుసు! గుంపుని బట్టి చెప్తాం. జర్మన్లకైతే ప్రియుడు చాలు. అమెరికా వాళ్ళొస్తే పిల్ల కడుపుతో ఉందని కూడా కలుపుతాను. కళ్ళనీళ్ళు పెట్టుకుంటారు, తర్వాత టీ తాగుతారు."

"కడుపుతోనా?"

"ఏం మేడమ్, బాగాలేదా?"

"చాలా బాగుంది. డోకొస్తోంది. నిజంగా ఆ అమ్మాయి ఏం చేసేది?"

"నిజంగానా? అదే కార్ఖానాలో సాసేజీలు కట్టేది. ఆ సంగతి ఎవరికీ చెప్పను. దెయ్యం దగ్గర సాసేజీల వాసనొస్తే ఎవడు భయపడతాడు?"

"వచ్చేది."

"ఏంటి మేడమ్?"

"ఏం లేదు. అక్కడ చేసేవాళ్ళ జుట్టుకి ఆ వాసన పట్టేదని ఎక్కడో చదివాను. ఇళ్ళల్లో తల్లులు వెనిగర్ పోసి కడిగేవారట. చెప్పండి. వంతెన మీద ఏం చూశారు మీరు?"

"ఇక్కడ, సరిగ్గా నేను నిలబడ్డ చోట. ఆకుపచ్చ కోటు. మొహం అటు తిప్పి ఉంది. నేను కేకేశాను, పిల్ల పలకలేదు. ఇంకోసారి చూసేసరికి లేదు!"

"కేకేశారా? ఏమని?"

"ఏమని అంటే... 'ఏయ్' అని."

"పోలీసులకీ అలాగే చెప్పారా?"

"మీరు పోలీసులకన్నా ఎక్కువ అడుగుతున్నారే! చెప్పాను. పేపర్లో ఫోటో కూడా పడింది, నాది. మర్నాడు పొద్దున ఇదే గోడ మీద కోటు దొరికింది. చక్కగా మడతపెట్టి ఉంది. వాళ్ళ మామయ్యకి దొరికింది."

"మామయ్యకా?"

"ఆ. పాపం మంచి మనిషంటారు. నదంతా గాలించాడట, పడవలో నుంచి దిగకుండా. ఇప్పటికీ ఏటా వచ్చి నీళ్ళలో పూలు వేస్తాడట."

"మీరు చూశారా ఆయన్ని?"

"అప్పుడు అందరూ టోపీలూ రెయిన్‌కోట్లే మేడమ్, ఎవడు ఎవడో ఎవరికి తెలుసు! డ్రైవరు గారూ, ఆ డిక్కీలో నా సంచి ఉంది, ఇటివ్వండి. మేడమ్‌కి ఒక జ్ఞాపిక ఇద్దాం."

"ఏంటది?"

"కీచైన్. ఆకుపచ్చ కోటు అమ్మాయి. వెనక నొక్కితే అరుస్తుంది. నొక్కనా?"

"నొక్కకండి."

"ఒక్కసారి..."

"నొక్కొద్దన్నానా! దీని మొహం చూశారా మీరు? కళ్ళు కూడా పెట్టలేదు."

"కళ్ళు పెడితే రేటు పెరుగుతుంది మేడమ్."

"వాన వచ్చేలా ఉంది. కదులుదామా మేడమ్?"

"డ్రైవరు చెప్పిందే మంచిది. కదలండి. ఇక్కడ ఊపిరాడటం లేదు."

* * *

"బ్రైడీ! ఒక టేబుల్ తుడువు. మేడమ్‌కి మన ఊరి బోటీ. పాలల్లో ఉడికించింది, పక్కన నెత్తురు ముద్ద. మేడమ్, దీన్ని తినకుండా లిమరిక్ చూశానని చెప్పుకోకూడదు."

"ఏరా ఫింటన్, మళ్ళీ ఆ నోరీన్ పిల్లనే అమ్ముకుంటున్నావా?"

"బ్రైడీ, కస్టమరు ముందు..."

"కస్టమరైతే ఏంటి? కూర్చోండమ్మా. మీ డ్రైవరు రాడా లోపలికి?"

"కారులోనే ఉంటానన్నాడు."

"చలికి చస్తాడు. టీ పంపిస్తాను. ఒరేయ్, ఆ పిల్ల తల్లి ఇంకా బతికే ఉందిరా, ఆసుపత్రిలో. నీ గొడుగు మీద ఆ బొమ్మ చూస్తే నాకే ఒళ్ళు మండుతుంది. ఆవిడ చూస్తే ఏమవుతుంది?"

"ఆవిడ బయటికి రాదులే. తినండి మేడమ్, చల్లారితే జిగురవుతుంది. అదిగో... అరె, మొహం కూడా చిట్లించలేదే! మొదటిసారేనా తినడం?"

"మొదటిసారే. మీరు నోరు మూసుకుని నమిలితే ఇంకా బాగా తింటాను. గెడ్డం మీద పాలు కారుతున్నాయి."

"బాగా చెప్పారమ్మా! వీడికి ఎవరో ఒకరు చెప్పాలి."

"బ్రైడీ గారూ, ఆ రాత్రి సంగతి ఈయన చెప్పారు. వంతెన మీద ఆ అమ్మాయిని కళ్ళారా చూశారట."

"ఎవరు? వీడా?"

"బ్రైడీ, కెటిల్ పొంగుతోంది చూడు."

"పొంగనీ. అమ్మా, వీడు చూసింది మా నాన్న పెరట్లో బకెట్ అడుగు. ఆ రాత్రంతా తాగి అక్కడే పడి కక్కుతున్నాడు, తెల్లారేదాకా. లేవలేడు, నిలబడలేడు. బకెట్ పట్టుకున్నది నేను."

"బ్రైడీ!"

"ఏం బ్రైడీ? ఇన్నేళ్ళు నోరు మూసుకున్నాను, ఇప్పుడు నాకెవరి భయం? మా నాన్న పోయాడు."

"మరి అప్పుడే పోలీసులకి ఎందుకు చెప్పలేదు మీరు?"

"ఎవరడిగారమ్మా నన్ను? పెళ్ళికాని పిల్లని. మగాడితో రాత్రంతా పెరట్లో ఉన్నానంటే మా నాన్న కాళ్ళు విరగ్గొట్టి సన్యాసినుల మఠంలో పడేసేవాడు. బకెట్ సంగతి ఎవడు నమ్ముతాడు?"

"ఫింటన్. నా వైపు చూడండి. ప్లేటు వైపు కాదు."

"ఊరికే అంటోంది మేడమ్..."

"మీరు ఆ పిల్లని చూశారా, లేదా?"

"చూశాననే అనుకున్నాను."

"చూశారా?"

"కోటు దొరికింది మేడమ్. ఊరంతా వంతెన మీదే ఉంది. పిల్ల దూకేసిందని అప్పటికే అందరూ అనేసుకున్నారు. చూసినవాడెవరైనా ఉన్నాడా అని పోలీసు అడిగాడు. అందరూ ఇటూ అటూ చూస్తున్నారు. నేను ఒక్క మాటన్నాను. అంతే. ఒక్క మాట. అవును, చూశాను అని."

"ఎందుకు?"

"ఎందుకంటే... అప్పటిదాకా నన్నెవరూ ఏమీ అడగలేదు మేడమ్. ఆ సాయంత్రం ప్రతివాడూ నాకు బీరు పోయించాడు."

"మీ ఒక్క మాట పట్టుకుని అందరూ నదిలోనే వెతికారు. ఒడ్డు మీద ఎవరూ వెతకలేదు. ఒక్క ఇల్లు, ఒక్క షెడ్డు, ఒక్క గది కూడా తీసి చూడలేదు. తెలుసా మీకు?"

"మీరెందుకు మేడమ్ అంత..."

"తెలుసా?"

"ఇప్పుడు మీరంటే తెలిసింది."

"బ్రైడీ గారూ, ఈ ప్లేటు తీసేయండి. తిన్నది బయటికొచ్చేలా ఉంది. బోటీ వల్ల కాదు."

"అర్థమైందమ్మా. వీణ్ణి చూస్తే నాకూ అంతే."

* * *

"వాడేడీ?"

"వెనక గోడకి నీళ్ళు పోస్తున్నాడు. మామయ్యా, వాడు కాదు."

"వాడు కాదా? ఎవరన్నారు?"

"లోపల ఆవిడ. ఆ రాత్రి వాడు వాళ్ళ పెరట్లో కక్కుతూ పడున్నాడట. అక్కని చూడనే లేదు. వంతెన, కేక, అంతా అబద్ధం. వెధవ. బీరు కోసం చెప్పాడు."

"ఆవిడే అబద్ధం చెప్తోందేమో."

"ఎందుకు చెప్తుంది? బకెట్ పట్టుకున్నానని గొప్పగా చెప్పుకుంటారా ఎవరైనా? విను. వాడు చూడలేదంటే ఎవరూ చూడలేదు. అక్క వంతెన మీదికి వచ్చిందని చెప్పేది ఇప్పుడు ఆ కోటు ఒక్కటే."

"కోటు చాలదా?"

"మడతపెట్టి ఉందట. నిజమేనా? నీకే కదా దొరికింది?"

"మడతపెట్టే ఉంది."

"అక్క పుట్టాక ఒక్క బట్టయినా మడతపెట్టిందా మామయ్యా? అమ్మ రోజూ అరిచేది కదా, ఎక్కడ విప్పితే అక్కడే పడేస్తావని."

"చావబోయే మనిషి బుర్రలో ఏముంటుందో ఎవరికి తెలుసు తల్లీ? ఇంక చాలు. నీ మొహం పాలిపోయింది. వాణ్ణి ఇక్కడే వదిలేసి పోదాం."

"ఇంకో మాట. కార్ఖానాలో చెయ్యలేదని వాడితో ఎందుకన్నావు? పదేళ్ళు రాత్రి కాపలా చేశావు కదా. అక్క డ్యూటీ ఆలస్యమైతే నువ్వే కదా బండిలో ఇంటి దగ్గర దింపేవాడివి?"

"డ్రైవరు వేషం వెయ్యమన్నది నువ్వే. చేశానంటే వాడు నన్ను గుర్తుపట్టడూ?"

"అదీ నిజమే. ఆగు, ఫోను. హలో? అవును, డెర్వ్లానే. ఎప్పటినుంచి? మాట్లాడుతోందా? సరే. సరే సిస్టర్. వస్తున్నాను, ఇప్పుడే వస్తున్నాను. అమ్మతో చెప్పండి, నేను వస్తున్నానని."

"ఏమైంది?"

"ఊపిరి అందటం లేదట. త్వరగా రమ్మన్నారు. నోరీన్ వచ్చిందా అని అడుగుతోందట మామయ్యా. ఉత్త చేతులతో ఎలా వెళ్ళను? ఏం చెప్పను?"

"ఏడవకు. వాడొస్తున్నాడు, కళ్ళు తుడుచుకో."

"హమ్మయ్య, తేలికపడ్డాను. ఇక మేడమ్, మిగిలింది పాల మార్కెట్..."

"మార్కెట్ వద్దు. నన్ను ఆసుపత్రికి తీసుకెళ్ళండి. వెంటనే."

"ఆసుపత్రికా? బోటీ పడలేదా? బ్రైడీ పదార్థాలు ఒక్కోసారి..."

"ఎక్కండి, లేదా ఇక్కడే ఉండిపోండి."

"ఎక్కాను, ఎక్కాను! మా ఇల్లూ అటే. పోనీ పెద్దాయనా. అటు కాదు! మ్యాచ్ జనం మొదలయ్యారు, పెద్ద రోడ్డు మూసేశారు. చూడు, బారికేడ్లు పెట్టేశారు."

"కొంచెం ఆగితే తీస్తారు."

"సాయంత్రం దాకా తియ్యరు! సందులోంచి పోనీ. కార్ఖానా వెనక సందు. తిన్నగా ఆసుపత్రి గేటు ముందు తేలతాం."

"నది అవతల నుంచి చుట్టు పోదాం."

"చుట్టా? ఆవిడ మొహం చూడవయ్యా, కారులోనే కక్కేలా ఉంది!"

"ఆ దారి వద్దన్నాను కదా."

"డ్రైవర్."

"మేడమ్, ఆ సందు..."

"డ్రైవర్, సందులోంచి పోనివ్వండి. నాకు టైము లేదు. మీకు తెలుసు నాకు టైము లేదని."

"...సరే."

"అలా దారికి రా. మెల్లగా, వాన పెరిగింది. అద్దం మీద ఏమీ కనిపించడం లేదు. ఆ వైపర్ అరుపేంటి, నూనె వెయ్యవా ఎప్పుడూ? ఇదిగో మేడమ్, చూసే ఓపిక ఉంటే ఎడమపక్క చూడండి. నేను చెప్పిన కార్ఖానా గోడ ఇదే."

"ఇదా?"

"ఇదే. లోపల ఏమీ లేదు. మూసేసిన ఏడాది నేలంతా సిమెంటు పోశారు, తర్వాత ఎవరూ కొనలేదు. వాసన పోదని. ఇంతెత్తు గడ్డి, ఎలుకలు. ఏంటి పెద్దాయనా, అంత స్పీడెందుకు? గుంతలన్నావు, ఒక్కటీ లేదే! మెల్లగా పో, మలుపు... ఓయ్! ఓయ్ ఓయ్! స్టీరింగ్!"

"ఏమైంది?"

"గోడకి గుద్దబోయాడు మేడమ్! మలుపులో చెయ్యి వదిలేశాడు! నుదురు, గుండె, ఈ భుజం, ఆ భుజం, మొత్తం కానిచ్చాడు. పొద్దుట్నుంచీ ఆ చెయ్యి ఒక్కటీ తప్పదని చెప్తున్నానా, పరువు తీశాడు. ఏమయ్యా, ఇక్కడ చర్చీ లేదు, సమాధుల తోటా లేదు. పందుల కార్ఖానా గోడ ముందు ఎవరి కోసం వేసుకున్నావు సిలువ గుర్తు?"

"అలవాటు."

"నవ్వరేం మేడమ్?"

"కారు ఆపు మామయ్యా."